శనివారం మూడు గంటల ఫోను

మా ఇంట్లో ఫోను వంటగదికీ భోజనాల గదికీ మధ్యనున్న ఇరుకు నడవాలో గోడకి తగిలించి ఉంటుంది. ఇప్పుడు ఎవరి ఫోను వాళ్ల జేబులోనే ఉంది, అయినా దాన్ని తీసేయమని ఎవరూ అనలేదు. ఏడాది పాటు అది వారానికి ఒక్కసారే మోగేది. శనివారం మధ్యాహ్నం మూడింటికి. మోగిందంటే చాలు, ఇంట్లో ఉన్న ఫాదర్లూ సిస్టర్లూ ఎవరి గదుల్లోకి వాళ్లు జారుకునేవాళ్లు. దేవుడి గురించి నాలుగు వందల పేజీలు రాయగల మహానుభావులు ఒక ముసలావిడ గొంతుకి భయపడి తలుపులేసుకునేవాళ్లు. వీలైతే నేనూ వేసుకునేదాన్నే. కానీ ఆవిడ అడిగేది నన్ను.

ఇల్లంటే ఇల్లు కాదు. దైవశాస్త్రంలో డాక్టరేట్ చేయడానికి తలా ఒక దేశం నుంచి వచ్చిన ఎనిమిది మందిమి, మా మీద ఒక డైరెక్టర్ ఫాదర్, కలిసి ఉండే మూడంతస్తుల పాత భవనం. పై రెండంతస్తులు ఫాదర్లవి, కింది అంతస్తు నాలాంటి సిస్టర్లది. మేం మాట్లాడుకునే భాష మాలో ఏ ఒక్కరికీ అమ్మ నేర్పిన భాష కాదు. కోపం వచ్చినా వ్యాకరణం చూసుకుని తిట్టుకోవాలి. నాలాంటి నోటి దురుసు మనిషికి అదెంత శిక్షో మీకు తెలీదు. నాలుగేళ్లుగా మింగిన తిట్లన్నీ నా కడుపులో అలాగే ఉన్నాయి.

నా థీసిస్ ప్రాయశ్చిత్తం మీద. నవ్వకండి. ఒకరికి చేసిన నష్టాన్ని మనిషి ఎలా పూడ్చాలన్న దాని మీద రెండొందల ఎనభై పేజీలు రాశాను. మా గైడు భేషుగ్గా ఉందన్నారు.

మాలో ఒకడైన పొడుగు ఫాదర్‌కి ఆ పేరు పెట్టింది మా వంటావిడ. వంటగది గుమ్మానికి తల కొట్టుకోకుండా లోపలికి రాలేని మనిషి అతనొక్కడే. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. లైబ్రరీలో అతని బల్ల నా బల్ల పక్కనే, మధ్యలో చెక్క అడ్డు ఉండేది. ఏదైనా అడగాలనిపిస్తే పెన్సిలుతో ఆ చెక్క మీద టక్ టక్‌మని రెండుసార్లు కొట్టేవాడు. నేను "ఏంటి?" అనేదాన్ని. వచ్చిన మొదటి నెలలోనే, తోడబుట్టిన పెద్దదాన్ని మీ భాషలో ఏమంటారని అడిగి "అక్క" అనే మాట నేర్చుకున్నాడు. అప్పట్నుంచి అదే పిలుపు. నలుగురిలో నేను "ఫాదర్" అని గౌరవంగా పిలిచినా, లైబ్రరీలో మాత్రం తమ్ముడే. నాకు సొంత తమ్ముళ్లు లేరు. ఇతను దొరికాడని లోలోపల పొంగిపోయేదాన్ని, పైకి మాత్రం ఎప్పుడూ దెబ్బలాడేదాన్ని.

మా ఇంటికో పద్ధతి ఉంది. ఎవరు ఏ అధ్యాయం ముగించినా గురువారం మధ్యాహ్నం భోజనాల గదిలో అందరి ముందూ చదవాలి. వినేవాళ్లలో ఒకరిని ఎదురు ప్లీడరుగా వేస్తారు. ఎదురు ప్లీడరు పని తప్పులు పట్టడం. అక్కడ మొహమాటం పనికిరాదు. ఇంట్లోవాళ్లు వదిలేసిన తప్పుల్ని రేపు బయటి ప్రొఫెసర్లు పట్టుకుని చీల్చి చెండాడతారని మా అందరి భయం. అందుకని డైరెక్టర్ ఫాదర్ కావాలనే దగ్గరివాళ్ల మీదకి దగ్గరివాళ్లనే వదిలేవారు. పొడుగు ఫాదర్ నాలుగో అధ్యాయానికి నన్ను వేశారు.

తన దేశంలో ముప్పై ఏళ్లపాటు ఫాదర్లు లేని కొండ ఊళ్లలో మామూలు జనం పూజ లేకుండా, పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం లేకుండా విశ్వాసాన్ని ఎలా నిలుపుకున్నారన్నది అతని థీసిస్. నాలుగో అధ్యాయానికి ప్రాణం ఒక ఉపదేశి, అంటే ఊళ్లోవాళ్లకి ప్రార్థనలు నేర్పే మామూలు మనిషి, రాసుకున్న నోటుపుస్తకం. చావుబతుకుల్లో ఉన్నవాళ్ల పక్కన కూర్చుని, ఫాదర్ రాలేని చోట తాను ఏ మాటలు చెప్పాడో ఆ ఉపదేశి అందులో రాసి పెట్టుకున్నాడు. తమ్ముడు దాన్ని పదిహేడేళ్ల వయసులో ఆ కొండ ఊళ్లోనే చదివాడు. అందులోంచి ఒక పేరా మొత్తం ఎత్తి అధ్యాయంలో పెట్టాడు. కింద ఫుట్‌నోట్‌లో ఉపదేశి పేరు, ఊరి పేరు, ఆ తర్వాత "పుట" అని రాసి పక్కన ఖాళీ వదిలాడు.

"పుట ఎంత ఫాదర్?" అన్నాను.

"గుర్తు లేదు."

"పుస్తకం ముందు పెట్టుకునే రాశారా?"

"లేదు. జ్ఞాపకం మీద రాశాను. అందులో ప్రతి మాటా నాకు గుర్తుంది."

"గుర్తుంటే మీ ప్రార్థనలో చెప్పుకోండి, థీసిస్‌లో పెట్టకండి. పుస్తకం చూడకుండా ఫుట్‌నోట్ పెడితే దాన్ని అబద్ధం అంటారు."

ఎవరో "అబ్బో" అన్నారు. ఇంకెవరో నవ్వారు. తమ్ముడి మొహం మాడిపోయింది. నాకు మాత్రం ఆ క్షణాన భలే హుషారుగా ఉంది. పరాయి భాషలో అంత సూటిగా, ఒక్క తప్పూ లేకుండా మాట్లాడటం నాకదే మొదటిసారి. ఆ హుషారు గుర్తొస్తే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. విషయం అతని గైడు దాకా వెళ్లింది. ఆయన కూడా నా మాటే అన్నాడు, పుట సంఖ్యైనా ఉండాలి, లేదా పేరా అయినా పోవాలని.

రెండు వారాల తర్వాత చెక్క మీద టక్ టక్‌మంది.

"అక్కా, నేను వెళ్లి చూసొస్తాను. పదిహేను రోజుల్లో వచ్చేస్తా."

"అక్కడేవో గొడవలన్నారుగా?"

"మా దేశంలో గొడవలు లేనిదెప్పుడు? నీ నోరు మూయించాలంటే ఇదొక్కటే దారి."

"అయితే ఫొటో తీసుకురా. ఉత్త అంకె చెబితే నేను నమ్మను."

నవ్వుకుంటూ వెళ్లాడు. మళ్లీ రాలేదు. తల్లి దగ్గర మూడు రోజులుండి, నాలుగో రోజు పొద్దున కొండ మీది ఊరికి వ్యాను ఎక్కాడట. ఆ వ్యాను వంతెన దగ్గర తలుపులు తెరిచి ఉండగా దొరికింది. అందులో ఉండాల్సిన ఆరుగురూ లేరు. శవాలు దొరకలేదు. పట్టుకెళ్లామని ఎవరూ కబురు పంపలేదు. వాళ్ల బిషప్ గారి ఆఫీసుకి మా డైరెక్టర్ రాసిన ప్రతి ఉత్తరానికీ ఒకటే జవాబు వచ్చేది, ఇంకా ఏమీ తెలియలేదని.

ఇప్పుడు ఆ రెండు పుస్తకాల సంగతి చెప్పాలి. మా ప్రార్థన గదిలో పీఠానికి ఎడమవైపు ఒక పుస్తకం, కుడివైపు ఒక పుస్తకం ఉంటాయి. ఎడమవైపుది బతికున్నవాళ్లది. జబ్బుపడినవాళ్లు, ప్రయాణంలో ఉన్నవాళ్లు, పరీక్షలు రాసేవాళ్లు, మా కోసం ప్రార్థించండి అని అడిగినవాళ్లు, వాళ్ల పేర్లన్నీ అందులో ఉంటాయి. కుడివైపుది చనిపోయినవాళ్లది. సాయంత్రం ఆరింటి ప్రార్థనలో రెండింట్లోంచీ పేర్లు చదువుతాం. ఈ పుస్తకాలు రాసే పని నాది, నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని అప్పగించారు. తమ్ముడు బయల్దేరిన రోజు ప్రయాణికుల కింద అతని పేరు నేనే రాశాను. నెలలు గడుస్తున్నా అతని పేరు అక్కడే ఉంది, రోజూ చదువుతూనే ఉన్నాం.

మనిషి లేడు కానీ వదిలిపోనూ లేదు. అతని బల్ల మీది పుస్తకాలకి గడువు దాటిందని లైబ్రరీ నుంచి అతని పేరునే ఉత్తరాలొచ్చేవి. నేను నా కార్డు మీద రాయించి, వాటిని మళ్లీ తెచ్చి ఆ బల్ల మీదే పెట్టేదాన్ని. భోజనానికి మేం ఎనిమిది మందిమే మిగిలినా వంటావిడ తొమ్మిది కంచాలు పెట్టేది. ఎందుకమ్మా అంటే, "ఏం చెయ్యను సిస్టరమ్మా, చెయ్యి దానంతటదే పెట్టేస్తోంది" అనేది. నా థీసిస్ ఫైలు తెరిస్తే చాలు, పక్కన అతను రాసిన వ్యాఖ్యలు కనబడేవి. నా రెండో అధ్యాయానికి అతనే ఎదురు ప్లీడరు. "అక్కా, నష్టపోయిన మనిషి ఈ పేజీలో ఎక్కడా మాట్లాడలేదేం?" అని ఒకచోట రాశాడు. దానికి జవాబు రాయలేదు, దాన్ని చెరిపేయనూ లేదు.

ఆ చప్పుడు కూడా మానలేదు. మిట్టమధ్యాహ్నం, లైబ్రరీలో అందరూ ఉండగా, చెక్క మీద టక్ టక్. నేను తలెత్తకుండానే "ఏంటి?" అనేదాన్ని. అన్నాక తొంగి చూసేదాన్ని. అవతల ఖాళీ కుర్చీ. చట్టం ఫాదర్ అని మేం పిలిచే, చర్చి చట్టాల మీద పరిశోధన చేసే ఆయన, వేడినీళ్ల గొట్టాలు అలాగే చప్పుడు చేస్తాయని నాకు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. గొట్టాలు రెండుసార్లే ఎందుకు కొడతాయో మాత్రం చెప్పలేకపోయాడు. ఒకరోజు బస్టాపులో పొడుగాటి మనిషి వీపు కనబడితే, చేతిలో కూరల సంచితోనే రెండు వీధులు వెంటబడ్డాను. అతను వెనక్కి తిరిగి చూశాడు. ఎవరో గడ్డం మనిషి, పాపం, బిత్తరపోయాడు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఊరి పెద్ద గుడికి వెళ్లి, నన్నెరగని ఒక ముసలి ఫాదర్ దగ్గర పాపసంకీర్తనం కూడా చేశాను. ఆయన ఓపికగా విని, "పుట సంఖ్య అడగడం పాపం కాదమ్మా. మీ పని మీరు చేశారు. పాపం లేనప్పుడు దేన్ని క్షమించమంటారు?" అన్నాడు. మంచి మాటే అన్నాడు. నేను ఆ గుడి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పాపమైతే ఈపాటికి కడిగేసుకునేదాన్ని. ఇది పాపం కూడా కాదట, మరి దీన్నెక్కడికి మోసుకెళ్లను?

శనివారం మూడింటికి ఫోన్ చేసేది తమ్ముడి తల్లి. మొదటిసారి మోగినప్పుడు అనుకోకుండా నేనే తీశాను. అవతల్నుంచి "అక్క?" అంది ఒక ముసలి గొంతు. నా భాషలో మాట. కొడుకు చెప్పి ఉంటాడు, ఆవిడకి మా ఇంట్లో తెలిసిన పేరు అదొక్కటే. తర్వాత ఏదో పొడుగాటి మాట అంది. నాకొక్క ముక్క అర్థం కాలేదు. ప్రార్థన చేయమంటోంది కాబోలు అనుకుని, అతని పేరు చెప్పి, వాళ్ల భాషలో నాకు వచ్చిన ఒకే ఒక్క మాట, "ప్రార్థన", రెండుమూడు సార్లు అన్నాను. కాసేపటికి ఆవిడ ఫోను పెట్టేసింది. మళ్లీ శనివారం అదే పొడుగాటి మాట, నాది అదే ప్రార్థన. పదకొండు నెలలు ఇలాగే నడిచింది. నిజం చెప్పాలంటే ఆవిడ భాష రాకపోవడం నాకు పెద్ద ఊరట. వస్తే ఏమడుగుతుందో, నేనేం చెప్పాల్సి వస్తుందో అని హడలిపోయేదాన్ని.

పదకొండో నెలలో వాళ్ల బిషప్ గారి దగ్గర్నుంచి ఉత్తరమొచ్చింది. ఆరుగురినీ చనిపోయినట్టుగానే భావించి మృతుల పూజ చేయించామని అందులో ఉంది. ఆ మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర పెద్ద చర్చ. బతికున్నవాడి కోసం చనిపోయినవాడని ప్రార్థిస్తే తప్పా? చనిపోయినవాడి కోసం బతికున్నాడని ప్రార్థిస్తే వృథానా? చట్టం ఫాదర్ నియమాలు చెప్పాడు. చరిత్ర చదివే సిస్టర్ ఎప్పుడో సముద్రంలో తప్పిపోయినవాళ్ల ఉదాహరణలు తీసింది. ఇంకొకాయన, దేవుడికి రెండు పుస్తకాలుండవు, ఒకటే ఉంటుందన్నాడు. కాబోయే డాక్టర్లు ఏడుగురం ఉన్నాం, ఒక్క జవాబు లేదు. గిన్నెలు తీయడానికొచ్చిన వంటావిడ, "వాళ్లమ్మని అడిగారా?" అంది.

తర్వాత డైరెక్టర్ ఫాదర్ నన్ను తన గదికి పిలిచారు. మెత్తటి మనిషి, చెప్పాల్సింది చెప్పే ముందు కళ్లజోడు తుడుచుకుంటారు.

"సిస్టర్, వచ్చే నెల ఇంకో ఫాదర్ వస్తున్నాడు. పొడుగు ఫాదర్ గది అతనికివ్వాలి. పేరు కూడా కుడివైపుకి మార్చాలేమో. కానీ తల్లికి తెలియకుండా ఆ పని చేయను."

"నన్నేం చేయమంటారు ఫాదర్?"

"నిన్న వచ్చిన కొత్తమ్మాయికి వాళ్ల భాష వచ్చట. ఈ శనివారం ఆ అమ్మాయిని పక్కన పెట్టుకుని మీరే అడగండి. ఆవిడ మాట్లాడేది మీతోనే కదా."

కొత్తమ్మాయి సిస్టర్ కాదు, పెళ్లి కాని మామూలు అమ్మాయి, పొడుగు ఫాదర్ దేశానికి పక్క దేశం నుంచి మొదటి ఏడాది చదువుకి వచ్చింది. అప్పటికే, తెలియక, భోజనాల దగ్గర తొమ్మిదో కంచం ముందు కూర్చుంది. ఎవరూ ఏమీ అనలేదు. నేను మాత్రం ఆ అమ్మాయి మీద లేనిపోని కారణాలకి రెండుసార్లు విసుక్కున్నాను. పాపం, దాని తప్పేముంది? నా పదకొండు నెలల ముసుగు లాగేయడానికే వచ్చినట్టనిపించింది.

శనివారం పొద్దున్నించీ నేను ఏ పనీ చేయలేదు. ఎలా అడగాలో కాగితం మీద రాసుకున్నాను. "అమ్మా, మీ అబ్బాయి పేరు చనిపోయినవాళ్లలో రాయమంటారా?" రాసి కొట్టేశాను. ఏ రకంగా రాసినా ఆ మాట అంతే కటువుగా ఉంది. మూడింటికి ఫోను మోగింది. పైన తలుపులు ఒక్కొక్కటే మూసుకోవడం వినబడింది. కొత్తమ్మాయి ఫోను చెవి దగ్గర పెట్టుకుంది, నేను దాని పక్కనే గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"అక్క?" అన్నది నాక్కూడా వినబడింది. అమ్మాయి తానెవరో చెప్పింది. అంతే, అవతలి గొంతు ఒక్కసారిగా కట్ట తెగినట్టు మాట్లాడటం మొదలెట్టింది. ఆ పొడుగాటి మాట అందులో రెండుసార్లు వచ్చింది. నాకది కంఠతా వచ్చుగా, పోల్చుకున్నాను. వినేకొద్దీ అమ్మాయి మొహం పాలిపోయింది.

"సిస్టర్, ఆవిడ ఏమంటున్నారంటే… 'ఏడాదిగా నిన్ను ఒకటే అడుగుతున్నాను, నువ్వు ప్రార్థన ప్రార్థన అంటావు. నా కొడుకు ఇంటికి ఎందుకొచ్చాడు?'"

ఇన్నాళ్లూ ఆవిడ అడిగింది ఇది. నేను చెప్పిన జవాబు అది.

"ఇంకా చెబుతున్నారు సిస్టర్. 'వాడు రావడానికి ముందు ఆదివారం నేను ఫోన్లో ఏడ్చాను. మోకాళ్లు పోయాయి, నేను చచ్చాక వస్తావా అని నానా మాటలూ అన్నాను. పది రోజులు తిరక్కుండానే గుమ్మంలో నిలబడ్డాడు. ఎందుకొచ్చావురా, ఇక్కడ ఇలా ఉంటే అన్నాను. నిన్ను చూడాలనిపించిందమ్మా అన్నాడు. నేను ఏడవకపోతే వచ్చేవాడు కాదు. నా నోటితో పిలిచి నేనే చంపుకున్నాను. నీకన్నీ చెప్పేవాడు కదా, చెప్పు. నా ఏడుపుకేనా వాడొచ్చింది?'"

ఎంత ఘోరం! నేను మోయాల్సిన రాయి ఆవిడ నెత్తిన ఉంది. ఏడాదిగా ఆవిడ మోస్తోంది. నేనేమో ఇక్కడ గొట్టాల చప్పుళ్లు వింటూ, మెట్ల మీద ఏడుస్తూ, బాధంతా నాదే అనుకుంటున్నాను. కాదు అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆవిడ అడిగింది ఎందుకొచ్చాడని. కాగితం నలిపి జేబులో కుక్కాను.

"చెప్పమ్మా," అన్నాను కొత్తమ్మాయితో. "నీ వల్ల కాదు, నా వల్ల వచ్చాడని చెప్పు. తన చదువులో ఒక పుస్తకం గురించి రాశాడు, నేను అందరి ముందూ నిలదీశాను, చూడకుండా రాస్తే అబద్ధం అన్నాను. ఒక పుట సంఖ్య కోసం వచ్చాడు. ఫొటో తెస్తేనే నమ్ముతానన్నాను. పంపింది నేను. నీ తప్పేం లేదని చెప్పు."

అమ్మాయి ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టింది. "సిస్టర్, ఇదంతా చెప్పాలా?"

"ఉన్నదున్నట్టు చెప్పు. ఒక్క ముక్క తగ్గించకు."

చెప్పింది. చాలాసేపు చెప్పింది, మధ్యలో ఒకసారి ఆగి మళ్లీ మొదలుపెట్టింది. అది చెబుతున్నంతసేపూ నాకు ఏడాదిలో ఎన్నడూ లేనంత తేలిగ్గా ఉంది. దాచను, ఎందుకు దాచాలి? నిజం చెప్పేశాను, ఒక తల్లి నెత్తిన బరువు దించేశాను అనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. ఆ తిట్లు ఏ భాషలో ఉన్నా నాకు అర్థమవుతాయనుకుని, వినడానికి ఫోను దగ్గరికి వంగాను.

ఆవిడ చిన్నగా, ఇంతకుముందు ఏడ్చిన గొంతులా కాకుండా, ఏదో అడిగింది. నాలుగే మాటలు.

"ఏమంటోంది?"

అమ్మాయి నా వంక చూడలేదు. "'అయితే నన్ను చూడ్డానికి రాలేదా?' అంటున్నారు."

చెబుదామని నోరు తెరిచాను. నీ కోసం కూడా వచ్చాడమ్మా అని చెప్పొచ్చు. పుస్తకం చూడటానికి ఒక్కరోజు చాలు, నీ దగ్గర మూడు రోజులున్నాడు కదా అనొచ్చు. కానీ నాకేం తెలుసు? తల్లి గురించి అతను నాతో ఏమన్నాడు? మోకాళ్ల సంగతి నాకు చెప్పనేలేదు. వెళ్లే ముందు నేను అడిగిందీ లేదు. ఇంటికెళ్తున్నావుగా, మీ అమ్మ ఎలా ఉందిరా అని ఒక్కసారైనా అడిగానా? ఫొటో తెమ్మన్నాను. చూడనిదాన్ని చూసినట్టు చెప్పకూడదని అంత గొంతేసుకుని అరిచినదాన్ని, ఇప్పుడు ఏ కళ్లతో చూశానని చెప్పను?

"సిస్టర్, ఏం చెప్పమంటారు?" అంది అమ్మాయి. మళ్లీ అడిగింది. ఫోనులోంచి సన్నటి చప్పుడు వచ్చింది, ఆవిడ పెట్టేసింది.

ఏడాది పాటు ఆవిడ తనని తాను తిట్టుకుంటూ బతికింది, నిజమే. కానీ ఆ తిట్టుకోవడం వెనకాల ఆవిడకి ఒకటి మిగిలి ఉంది. కొడుకు తన కోసం వచ్చాడన్నది. అది కూడా నేనే లాక్కున్నాను, మంచి చేస్తున్నాననుకుంటూ.

డైరెక్టర్ ఫాదర్ సాయంత్రం ప్రార్థనకి ముందు అడిగారు, ఆవిడ ఏమన్నారని.

"ఏమీ అనలేదు ఫాదర్."

"మరి పేరు?"

"నేను రాయను. వేరే ఎవరితోనైనా రాయించుకోండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఎవరితోనూ రాయించలేదు. గది మాత్రం ఖాళీ చేశారు. బట్టలూ కాగితాలూ నాలుగు అట్టపెట్టెల్లో పట్టాయి. చట్టం ఫాదర్ ఒక్కడే మోసి కింద సామాన్ల గదిలో పెట్టాడు. ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు.

మరుసటి శనివారం మూడింటికి ఫోను మోగలేదు. మూడుంపావు అయింది. తలుపులు తెరుచుకున్నాయి. ఒక్కొక్కరే నడవాలోకి వచ్చారు. చరిత్ర సిస్టర్, చట్టం ఫాదర్, చేతులు తుడుచుకుంటూ వంటావిడ, అందరూ. ఏడాదిగా ఆ చప్పుడుకి పారిపోయినవాళ్లు అది లేకపోయేసరికి ఉండలేకపోయారు. కొత్తమ్మాయి ఒక మూల నిలబడి ఏడుస్తోంది. తానే చంపేసినట్టు ఏడుస్తోంది. దగ్గరికి తీసుకుని, నువ్వు నేను చెప్పమన్నదే చెప్పావు కదే అన్నాను.

ఆ తర్వాతి శనివారమూ మోగలేదు. మూడోవారం నేనే చేశాను. కొత్తమ్మాయి తోడు వస్తానంది, వద్దన్నాను. అవతల చాలాసేపు మోగింది. ఎత్తింది. "అక్క?" అనలేదు. ఏమీ అనలేదు. ఆవిడ ఊపిరి వినబడుతోంది, వెనకాల ఎక్కడో కుర్చీ జరిపిన చప్పుడు. నేను అతని పేరు చెప్పాను. ప్రార్థన అన్న మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను.

ఇప్పుడు ప్రతి శనివారం మూడింటికి నేనే చేస్తాను. ఆవిడ ఎత్తుతుంది, మాట్లాడదు. నేనూ మాట్లాడను. ఎవరి కోసం వెళ్లావురా తమ్ముడూ, అమ్మ ఏడుపు కోసమా, నేనడిగిన అంకె కోసమా? చెప్పగలిగినవాడు అతనొక్కడే. ఇద్దరం ఆ జవాబు కోసం చెరో చివర ఫోను పట్టుకుని నిలబడతాం. ఆవిడ పెట్టేయదు. నేను పెట్టేయలేను.